కావడి మీద వంటిల్లు

కోటిలింగం కావడి దించగానే ముందు భుజం తడుముకుంటాడు. మంచినీళ్ళు అడగడం ఆ తరవాతే. ముప్ఫై ఏళ్ళుగా బద్ద ఒరుసుకుని ఎడమ భుజం మీద చర్మం నల్లబడి కాయ కాసింది. కుడి భుజానికి కూడా తన వాటా తనకి ముట్టింది. ఎటు మార్చుకున్నా నొప్పి ఒకటే అయినప్పుడు మార్చుకోవడం దేనికని ఈ మధ్య అదీ మానేశాడు.

పుట్టింది మంగళగిరిలో, మగ్గాల చప్పుడు మధ్య. తండ్రి ఆరు నెలలు నేసి, నేసిన బట్టలు మూట కట్టుకుని కృష్ణ దాటి దివిసీమ ఊళ్ళలో అమ్ముకొచ్చేవాడు. ఒక ఏడు తిరుగు ప్రయాణంలో ఏదో సత్రంలో తిన్నాడు. ఇల్లు చేరేసరికే వాంతులు, విరేచనాలు. కలరా. మర్నాటికి మనిషి లేడు. కోటిలింగానికి అప్పటికి మీసాలు కూడా సరిగ్గా రాలేదు. మూట అతని భుజం మీదికి వచ్చింది. మొదటిసారి బయలుదేరే రోజున తల్లి చౌడేశ్వరమ్మ గుమ్మంలో నిలబడి చేతిలో చెయ్యి వేయించుకుంది. పరాయి పొయ్యి మీద ఉడికిన మెతుకు నోట పెట్టనని, తన చేత్తో తను వండుకునే తింటానని మాట తీసుకుంది. తల్లి పోయి చాలా కాలమైంది. మాట మాత్రం అతని మెడకి అలాగే ఉంది. ఊళ్ళవాళ్ళు దాన్ని దేవాంగుల ఆచారమనుకున్నారు. కోటిలింగం కాదనలేదు. భయమని చెప్పుకోవడం కంటే ఆచారమని ఊరుకోవడం మర్యాదగా ఉంటుంది.

అలా బట్టలతోపాటు వంటిల్లు కూడా మోయవలసి వచ్చింది. కావడికి ఒక పక్క తట్టలో చీరలు, పంచెలు, తుండుగుడ్డలు. రెండో పక్క ఇత్తడి తపేలా, ఇనప మూకుడు, ఇనప పొయ్యి, చెంబు, బియ్యం, పప్పు, చింతపండు. రెండింటినీ కలపడానికి లేదు. కొత్త చీర మీద ఇంత మసి అంటిందంటే ఇక దాన్ని ఎవరూ పెళ్ళికి కొనరు. పైగా వండిన గిన్నె తగిలిన బట్ట అంటు. కొనేవాళ్ళు ఊరుకున్నా కోటిలింగం మనసు ఒప్పుకోదు. కాబట్టి అమ్మే సరుకు ఎంతో తినే సరంజామా కూడా అంత మోస్తూ, వ్యాపారం చేస్తున్నాడో కాపురం మారుస్తున్నాడో తెలియకుండా ఊళ్ళు తిరిగేవాడు.

ఎలాగూ మోస్తున్నాను కదా అని వంట నేర్చుకున్నాడు. నేర్చుకోవడమంటే ఆకలి తీర్చుకునేందుకు ఏదో ఉడకేసుకోవడం కాదు. కాలవ గట్టున గాలి ఎటు వీస్తుందో చూసి పొయ్యికి మూతి ఎటు పెట్టాలో, తాటికమ్మ మంట ఎంతసేపు నిలుస్తుందో, కందికంప మీద పప్పు ఎప్పుడు దించాలో అతనికి కొట్టిన పిండి. పొయ్యి తడిసిన రోజున గట్టుకి గుంట తవ్వి, మూడు పెంకులు నిలబెట్టి ఎసరు పెట్టేవాడు. వంకాయని నివురులో పాతిపెట్టి, నాలుగు తుండుగుడ్డలు అమ్ముకొచ్చి, వలిచి పచ్చడి చేసుకునేవాడు. తపేలాలో సగం నీళ్ళు పోసి, మూతికి ఉతికిన తెల్ల గుడ్డముక్క బిగించి కట్టి, దానిమీద పిండి వేసి వాసెన కుడుము ఉడికించుకునేవాడు. బట్టలవాడికి గుడ్డముక్కకేం కరువు? ఇక చింతచిగురు కాలంలో అతను పప్పు తాలింపు పెడితే ఆ వాసనకి చేలో ఉన్నవాళ్ళు తలెత్తి చూసేవారు. చల్లపల్లిలో రావమ్మ అనే ఒక రైతు ఇల్లాలు ఏటా అతని దగ్గరే చీరలు కొనేది. ఆవిడైతే బేరం మధ్యలో ఆపి, పులుసు పెడితే అందులో బెల్లం ముందు వేస్తావా చివర వేస్తావా అని అడిగి తెలుసుకునేది.

ఇదంతా దారిలో సంగతి. ఇంటి దగ్గర కోటిలింగం మంచినీళ్ళు కూడా ముంచుకుని తాగడు.

పెళ్ళయ్యాక బెజవాడ వన్ టౌన్‌కి కాపురం మార్చాడు. బట్టల కొట్లకి, కాలవ పడవలకి దగ్గరని కొండకింద సందులో ఒక పెంకుటింటి వాటా అద్దెకి తీసుకున్నాడు. భార్య శివపార్వతి. పుట్టిన పిల్లలు దక్కలేదు. ఇద్దరే మనుషులు. వంటిల్లు ఆమెది. ఆ ఇళ్ళలో మగవాడు గరిటె పట్టుకుంటే ఆడదానికి నామర్దా. అందుకే అతను దారిలో ఎంత వంటవాడైనా ఇంటి గడప లోపల పీట మీద కూర్చుని విస్తరి వంక చూసేవాడే. పైగా ఆ దారి సామానుని ఆమె గడప దాటనిచ్చేది కాదు. నానా ఊళ్ళూ తిరిగి, నానా నీళ్ళల్లో మునిగి వచ్చిన గిన్నెలు దేవుడి గూడున్న వంటింట్లోకి ఎలా వస్తాయి? అరుగు మీద చూరుకి వేలాడదీసేది. అవి మళ్ళీ ప్రయాణం రోజునే దిగేవి.

కాపురానికి వచ్చిన కొత్తలో ఒక సంగతి జరిగింది. సంగతంటే పెద్ద సంగతేం కాదు, ఒక్క మాట. మొదటి తిరుగుడు నుంచి వచ్చి ఆమె పెట్టిన అన్నం తింటున్నాడు. వంట చాలా బాగుంది. ఆ ముక్క నోటితో చెప్పడానికి అతనికి సిగ్గు. వాళ్ళ నాన్న వాళ్ళమ్మతో ఎన్నడూ అనగా వినలేదు, ఎలా అనాలో తెలియదు. అందుకని, ఇన్నాళ్ళూ మాడు మెతుకులు తిని నాలిక చచ్చిపోయింది, ఇవాళ అన్నం తిన్నాను అన్నాడు. ఆ పిల్ల ముఖం ఒక్కసారి వికసించి, అంతలోనే జాలితో వాడిపోయింది. ఇంకో గరిటెడు వడ్డించింది. కోటిలింగానికి ఆ వడ్డన నచ్చింది. అప్పటినుంచి ప్రతిసారీ అదే పాట. గాలికి పొయ్యి ఆరిపోయిందనీ, సగం ఉడికిన బియ్యం మింగాననీ, వానకి తడిసి పస్తున్నాననీ ఏదో ఒకటి చెప్పేవాడు. నెత్తి మీద చెయ్యి వేసుకుని చెప్పమన్నా చెప్పేసేవాడేమో, అంత అలవాటైపోయింది. దీనివల్ల ఎవరికి నష్టమనుకున్నాడు.

పదేళ్ళు, ఇరవై ఏళ్ళు గడిచాయి. యుద్ధం వచ్చింది. నూలు సర్కారు కోటాలోకి వెళ్ళిపోయింది. మంగళగిరిలో తమ్ముడి మగ్గం నెలకి సగం రోజులు ఊరికే ఉండేది. బట్ట దొరకడమే కష్టమైపోయి, కోటిలింగం ముందు నేత ఊళ్ళు తిరిగి చీర ఇక్కడా పంచె అక్కడా ఏరుకుని, అప్పుడు దివి వైపు వెళ్ళవలసి వచ్చేది. ఇదివరకు వారంలో ఇల్లు చేరేవాడు, ఇప్పుడు నెల దాటినా చేరడం లేదు. వయసా, తగ్గేది కాదు. రెండు మైళ్ళకోసారి కావడి దించి కూర్చునేవాడు. కూర్చుంటే లేవాలనిపించేది కాదు. ఎందుకీ తిరుగుడు అనిపించేది. ఆ ప్రశ్నకి జవాబు వెతికే ఓపిక కూడా లేక మళ్ళీ కావడి ఎత్తేవాడు.

అన్నిటికంటే అతన్ని కుంగదీసింది శివపార్వతి. మనిషి చిక్కిపోతోంది. వచ్చినప్పుడల్లా ఇంకాస్త తగ్గి కనబడేది. గాజులు మోచేతిదాకా జారేవి. దవడలు లోపలికి పోయాయి. కూలికి ఆసు పోసి నూలు సర్దడానికి కూర్చుంటే చేతులు వణికేవి. వైద్యం చేసే వెంకటకృష్ణారావుగారు నాడి చూసి, జబ్బేమీ తగలడం లేదు, రక్తం లేదంతే, లేహ్యం వాడండి అన్నారు. వింత ఏమిటంటే కోటిలింగం ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆమె కోలుకునేది. పది రోజులుంటే బుగ్గలకి కాస్త రంగొచ్చేది. వెళ్ళి వస్తే మళ్ళీ మొదటికే. నా మీద బెంగ అనుకున్నాడు అతను. కొంచెం గర్వంగానే అనుకున్నాడు, నిజం చెప్పాలంటే. ఆ గర్వం వెనక భయం కూడా ఉండేది. ఇలాగే సాగితే ఏదో ఒకసారి వచ్చేసరికి ఈమె ఉండదని రాత్రిళ్ళు కాలవ గట్టున పడుకుని లెక్కవేసుకునేవాడు. తిరుగుడు మానలేడు, తిండి నడవాలి. చెయ్యగలిగింది ఒక్కటే, తొందరగా వెళ్ళి తొందరగా రావడం. తొందరగా నడవాలంటే భుజం మీద బరువు తగ్గాలి. చీరల బరువు తగ్గించలేడు కాబట్టి వంటింటి బరువే తగ్గించాలి.

ఆ ఆలోచనతోనే మీరావలి దగ్గరికి వెళ్ళాడు.

మీరావలి ఒకప్పుడు కళాయి వేసేవాడు. ఇంటింటి ఇత్తడి గిన్నెలకి తగరం పూసి తళతళలాడించేవాడు. జపానువాళ్ళు మలయా పట్టుకోవడంతో తగరం రావడం మానేసింది. దొరికిన చోట మనుషులు కొనే ధరకి లేదు. ఊళ్ళో ఇత్తడి గిన్నెలన్నీ చిలుము పట్టి అటకెక్కాయి. మీరావలి కొలిమి చల్లారింది. ఇప్పుడు ఖాళీ కిరసనాయిలు డబ్బాలు చీల్చి, రేకు సాపుచేసి, దీపం బుడ్లు, గరాటాలు, చేటలు చేసి అమ్ముకుంటున్నాడు. పాత పని గురించి మాట్లాడవలసి వస్తే సుత్తి దెబ్బ కాస్త గట్టిగా పడేది.

కోటిలింగం తనకేం కావాలో చెప్పాడు. మడిచి చంకలో పెట్టుకునేంత పొయ్యి కావాలి. ఒకదాంట్లో ఒకటి దూరిపోయే గిన్నెలు కావాలి. మొత్తం కలిపి ఇప్పుడున్న తపేలా ఒక్కదానంత బరువు కూడా ఉండకూడదు. మీరావలి విని, నవ్వి, మిలటరీవాళ్ళ దగ్గర ఇలాంటివి ఉంటాయట, రైలు స్టేషన్లో చూశానన్నాడు. తరవాత నవ్వడం మానేసి నేలమీద బొగ్గుతో గీతలు గీశాడు.

మూడు రేకులకి అంచులు చుట్టి, ఆ చుట్టలో ఇనప తీగ దూర్చి కీళ్ళు చేశాడు. నిలబెడితే మూడు పక్కల గోడలున్న పొయ్యి, నాలుగో పక్క కట్టె పెట్టేందుకు ఖాళీ. గాలి లోపలికి దూరదు. మడిస్తే పలకంత. గిన్నెకి పిడి కూడా తీగే, పక్కకి వాలిపోతుంది. మూత తిరగేస్తే మూకుడు. లోటా గిన్నెలోకి, గిన్నె మరో గిన్నెలోకి. ఉప్పుకి, చింతపండుకి వెదురు బొంగులు. గిన్నె అంచులు అతకడానికి టంకం వాడతావా అని కోటిలింగం అనుమానంగా అడిగాడు.

"టంకం పెట్టనండి. దానికీ తగరమే కావాలి, నా దగ్గర లేదు. ఉన్నా పెట్టను. పొయ్యి మీద నీళ్ళు ఇగిరిన రోజున అతుకు కారిపోద్ది. మడత మీద మడతేసి కొడతాను, నీళ్ళు పోసి చూసుకోండి," అన్నాడు మీరావలి. "ఒకటి మాత్రం చెబుతున్నా, పులుసు రాత్రికి ఉంచుకోవద్దు. ఇది రేకు. వండిన పూటే తినేయాలి."

అతని భార్య సైదా లోపలి నుంచి వచ్చి ఆ గిన్నె చూసి, ఇందులో ఒక్క మనిషికి సరిపోద్దేమో అంది. ఒక్కడికే కదమ్మా అన్నాడు కోటిలింగం. శివపార్వతక్కయ్య ఎలా ఉందని ఆమె అడిగింది. అలాగే ఉందన్నాడు. అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

కొత్త వంటింటితో బయలుదేరిన రోజున ఒక తమాషా జరిగింది. ఇన్నాళ్ళూ బరువు తగ్గాలని ఏడ్చిన మనిషి, తీరా తగ్గాక కావడి ఎత్తితే వంటింటి తట్ట గాలిలోకి లేచింది, చీరల తట్ట నేలకి దిగబడింది. కావడంటేనే రెండు పక్కలా సమానం. ఆ చిన్న సంగతి ముప్ఫై ఏళ్ళు కావడి మోసినవాడికీ తట్టలేదు, రేకు కొట్టినవాడికీ తట్టలేదు. చీరలు రెండు పక్కలా సర్దుదామంటే మసి. చివరికి ఏం చేశాడనుకున్నారు? కాలవ వంతెన దాటకముందే రోడ్డు పక్కనున్న ఇటుకలు నాలుగు తెచ్చి వంటింటి తట్టలో పెట్టుకుని నడిచాడు. మైలు దూరం పోయాక తన తెలివికి తనకే అసహ్యం వేసి, ఇటుకలు కాలవలో పారేసి, రేకు సామానుని గోనెగుడ్డలో చుట్టి, దాని పక్కనే కొన్ని పంచెలు సర్దాడు. ఆచారం కాస్త సడలింది. నడక మాత్రం నిజంగానే తేలికైంది.

చల్లపల్లిలో రావమ్మ ఒక పంచె ముక్కు దగ్గర పెట్టుకుని చూసి నవ్వింది. "బాబాయ్, దీనికి ఇంగువ వాసనొస్తంది. మా ఆయన కట్టుకుంటే ఊరందరికీ ఆకలేసుద్ది," అంది. అయినా కొంది. కోటిలింగం సిగ్గుపడి ఒక తుండుగుడ్డ కొసరు వేశాడు. ఆ పూట కాలవ గట్టున గోంగూర పప్పు వండుకుని వేడివేడిగా తింటూ, ఇంటికి వెళ్ళి ఈసారి ఏం చెప్పాలా అనుకున్నాడు. రేకు గిన్నెలో అన్నం అడుగంటిందని చెప్పవచ్చు. కొత్త సామాను కనక నమ్ముతుంది.

సరుకు అనుకున్నదానికంటే ముందే అయిపోయింది. బందరు కాలవ మీద బెజవాడ పోయే పడవ దొరికింది. ఎప్పుడూ వచ్చే రోజు ఆమెకి ముందే తెలిసేది, ఎవరో ఒకరితో కబురు పెట్టేవాడు. ఈసారి కబురు కంటే తనే ముందు వచ్చాడు. మిట్టమధ్యాహ్నం సందులోకి తిరిగేసరికి వాళ్ళ అరుగు మీద సైదా నిలబడి ఉంది.

"అన్నగారూ, మంచి టైముకొచ్చారు. అక్కయ్య పంపు దగ్గర పడిపోయింది. జ్వరం లేదు, దెబ్బ లేదు. వైద్యుడుగారొచ్చి చూశారు. వేడన్నం మెత్తగా పిసికి పెట్టమన్నారు. నేను తెస్తానంటే వద్దంటంది. పక్కవాటా సుబ్బరత్నంగారు పుట్టింటికెళ్ళింది. ఎవరి చేతిదీ తిననంటే ఏం చేసేది?"

కోటిలింగం కావడి దించాడు. ఆ రోజు భుజం తడుముకోలేదు.

శివపార్వతి చాప మీద ఒక పక్కకి తిరిగి పడుకుని ఉంది. అతన్ని చూసి లేవబోయింది, లేవలేకపోయింది. ఇంత తొందరగా వచ్చారేమండీ, పొయ్యి కూడా అంటించలేదు, అంది. నేరం చేసి పట్టుబడ్డదానిలా ఉంది ఆ మాట. నువ్వు కదలకు అని కోటిలింగం మొదటిసారి ఆ వంటింటి గడప దాటాడు. పొయ్యి తుడిచి ముగ్గు వేసి ఉంది. బూడిద లేదు. గిన్నెలన్నీ బోర్లించి ఉన్నాయి. ఇత్తడి తపేలా లోపల కళాయి ఊడిపోయి ఎర్రగా కనబడుతోంది, అందులో పులుపు వండితే విషమే. బియ్యం కుండలో చెయ్యి పెట్టాడు. బయలుదేరే ముందు తను రేషను బియ్యం తెచ్చి గడప ఇవతలి నుంచి అందిస్తే ఆమె నింపుకున్న కుండ. చెయ్యి మణికట్టుదాకా దిగలేదు, బియ్యం అందింది. వెళ్ళేటప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

అతను కాసేపు చెయ్యి అలాగే ఉంచి నిలబడ్డాడు. తరవాత ఒక చేటలోకి ఇంత బియ్యం, ఇంత కందిపప్పు తీసుకుని బయటికి వచ్చేశాడు. ఆమె పొయ్యి తను అంటిస్తే ఆమెకి అదో బాధ. ఆ బాధ పెట్టే సమయం కాదు. పెరట్లో తులసికి దూరంగా రేకు పొయ్యి మడత విప్పి నిలబెట్టాడు. సైదా కట్టెపుల్లలు తెచ్చి గోడ మీదుగా అందించి వెళ్ళింది.

ఎన్నివందల సార్లు చేసిన పనో. ఆ రోజు మాత్రం చేతులకి తొందర తెలియలేదు. అన్నం పలుచగా, మెత్తగా వార్చాడు. రెండో గిన్నెలో పప్పు ఉడుకుతుండగా దారిలో కొన్న గోంగూర కడిగి వేశాడు. మూత తిరగేసి ఇంత నెయ్యి, ఆవాలు, ఎండుమిరపకాయ, వెల్లుల్లి. తాలింపు చుయ్యిమంది. ఆ వాసన పెరడు దాటి ఇంట్లోకి వెళ్ళింది. లోపల చాప కదిలిన చప్పుడు అయింది.

ఆమె గోడ పట్టుకుంటూ వచ్చి పెరటి గుమ్మంలో చతికిలబడింది. అతను చేసే పనిని చూస్తూ కూర్చుంది. గరిటె పట్టుకున్న తీరు, మంట తగ్గించడానికి కట్టె వెనక్కి లాగిన తీరు, ఉప్పు చేతిలో పోసుకుని చూడకుండా వేసిన తీరు, అన్నీ చూసింది. కోటిలింగం ఆకు వేసి అన్నంలో పప్పు కలిపి ముద్దలు చేసి ఆమె ముందు పెట్టాడు. చెయ్యి కడుక్కుని ఒక ముద్ద తిన్నది. ఆగింది. రెండో ముద్ద తిన్నది.

"రోజూ ఇట్టాగే వండుకుంటారా?" అని అడిగింది.

మామూలుగా చెప్పే మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఇవాళ ఏదో కుదిరింది, అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. బియ్యం కుండ గుర్తొచ్చి ఆగిపోయాడు.

"ముందు నువ్వు చెప్పు," అన్నాడు. "నేను తెచ్చిచ్చిన బియ్యం ఎందుకు తరగలేదు?"

శివపార్వతి చెప్పడానికి ఇష్టపడలేదు. అడగ్గా అడగ్గా తల వంచుకుని చెప్పింది. చెప్పడంలో గొప్పేమీ లేదు. ఎవరో ఇల్లాలు ఇంటిపని గురించి చెప్పుకున్నట్టే చెప్పింది. అతను గడప దిగిన రోజున ఆమె పొయ్యి చల్లారుస్తుంది. వచ్చే రోజున మళ్ళీ అంటిస్తుంది. మధ్యలో అటుకులు తడుపుకుని ఉప్పు చల్లుకుని తింటుంది. కొన్నాళ్ళు అదీ ఒంటిపూటే.

"మీరక్కడ మాడు మెతుకులు తింటుంటే నేనిక్కడ వేడన్నం ఎట్టా తినేదండీ? మొదటిసారి వచ్చి చెప్పారు చూడండి, అప్పట్నుంచీ ఇంతే. ఇదివరకు వారమే కనక తెలిసేది కాదు. ఇప్పుడు నెలలు పట్టేసరికి ఒంటికి ఓపిక చాలడం లేదు, అంతే. జబ్బు కాదు."

కోటిలింగం నేల మీద కూర్చుండిపోయాడు. లేహ్యాలు గుర్తొచ్చాయి, వైద్యుడు పట్టుకున్న నాడి గుర్తొచ్చింది. తన మీద బెంగ అని తను పడిన గర్వం గుర్తొచ్చి ఒళ్ళు చచ్చిపోయింది. ఇంత పప్పూ ఇంత నెయ్యీ వేసుకుని గట్టు మీద కూర్చుని తను తిన్న ప్రతి పూటా ఈమె ఇక్కడ తడి అటుకులు నమిలింది. ఎవరో చేసిన అన్యాయమైతే ఎవర్నైనా తిట్టుకోవచ్చు. ఇది తను మెచ్చుకోలేక ఆడిన అబద్ధం. ఇప్పుడైనా అబద్ధం ఆడితే ఆమె ఉపవాసానికి అర్థం నిలుస్తుంది. మళ్ళీ తను గడప దిగిన రోజున పొయ్యి ఆరిపోతుంది. నిజం చెబితే ఇన్నేళ్ళ ఆకలీ ఉత్తిదే అవుతుంది. ఆమె తినాలంటే అది ఉత్తిదని ఆమెకి తెలియాలి.

"రోజూ ఇట్టాగే వండుకుంటాను," అన్నాడు. "ఒక్కపూట కూడా మాడ్చుకోలేదు పార్వతీ. వాన పడినా వండుకునే తిన్నాను. నీ వంట బాగుందని అనడం చేతకాక ఆ మాటన్నాను. నువ్వు ఇంకో గరిటె వేశావు. అది బాగుండి అట్టాగే అంటూ వచ్చాను. దివిలో అందరికీ తెలుసు నేనెట్టా తింటానో. నీకే తెలియదు."

శివపార్వతి ఆకు వంక చూస్తూ ఉండిపోయింది. చేతికి అంటిన పప్పు ఆరిపోయింది. ఆకు తీసి విసిరికొడుతుందేమో అనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు. ఆమె ఏడవలేదు, కోప్పడలేదు. "ఎన్ని పూటలండీ," అంది నెమ్మదిగా. అది అతన్ని అడిగినట్టు లేదు.

తరవాత ఆమె ఆకుని ముందుకి జరిపింది.

"పప్పు ఇంకా ఉందా?"

ఉందన్నాడు.

"వెయ్యండి. అన్నం కూడా."

కోటిలింగం వడ్డించాడు. కొంచెం నేల మీద పడింది. ఆమె పట్టించుకోలేదు. వంగి కూర్చుని, పెద్ద పెద్ద ముద్దలు కలుపుకుని, ఎవరైనా చూస్తారన్న బిడియం లేకుండా తినసాగింది. ఆకు ఖాళీ అయినప్పుడల్లా చూపుడువేలితో చూపించేది, అతను వేసేవాడు. రెండు గిన్నెలూ అడుగంటా ఊడ్చుకుపోయేదాకా ఆమె తల ఎత్తలేదు.